మా అమ్మమ్మ తగిలించే తోక

ఇండోనేషియా దేశమంతా వెతికినా మా అమ్మమ్మ నాగేంద్రమ్మ అంత బాగా ఇండోనేషియా భాష మాట్లాడే మనిషి దొరకదు. ఈ సంగతి ఇండోనేషియా వాళ్ళకి ఇంకా తెలియదు. తెలిసిన రోజున విమానం వేసుకుని ఆగిరిపల్లి వచ్చి, వాళ్ళ పిల్లల్ని మా వాకిట్లో చాప మీద కూర్చోబెట్టి వెళ్తారు. మామిడి తోటల మధ్య విమానం ఎలా దిగుతుందని ఎవరూ కంగారు పడక్కర్లేదు. అమ్మమ్మ దించుతుంది. అంటే తను దించదు. ఎవరి చేతనో దింపిస్తుంది.

పనులు చేసేవాళ్ళు కొందరుంటారు, చేయించేవాళ్ళు కొందరుంటారు. అమ్మమ్మ రెండో రకంలో కూడా పైమెట్టు మనిషి. మా ఇంట్లో అన్నం తాత వండుతాడు, నీళ్ళు తాత పడతాడు, బట్టలు తాత ఆరేస్తాడు. పొద్దున్నే నిద్ర లేవడం ఒక్కటే ఆవిడ సొంతంగా చేసుకునే పని. దానికి కూడా తాత టీ గ్లాసు పట్టుకుని మంచం పక్కన నిలబడాలి.

తాత పేరు గంగరాజు. ఒకప్పుడు చెట్లెక్కి కాయ కోసేవాడు. ఒక వేసవిలో చిన్నరసాల చెట్టు మీదనుంచి పడి నడుం విరగ్గొట్టుకున్నాడు. కొమ్మ విరిగిందా, కాలు జారిందా అని అడిగితే రెండూ కాదంటాడు. "మీ అమ్మమ్మ కిందనుంచి, ఇంకొంచెం ముందుకెళ్ళు, ఇంకొంచెం ముందుకెళ్ళు అంది" అంటాడు. పడింది తాతే. పడేసింది ఎవరన్నది మాత్రం మా ఇంట్లో ఇప్పటికీ తేలని తగువు.

తాత మంచం పట్టాక ఇల్లు గడవడానికి అమ్మమ్మ కువైట్ వెళ్ళింది. ఒక పెద్దింట్లో పనిమనిషిగా. ఆ ఇంటి వంటగదికి రాణి, సుమి అనే ఇండోనేషియా ఆవిడ. ఇంటి యజమానురాలు అరబ్బీలో సుమికి చెప్పేది, సుమి అమ్మమ్మకి చెప్పేది. సుమికి తెలుగు రాదు. అమ్మమ్మకి తెలుగు తప్ప ఏదీ రాదు. కాబట్టి సుమి చేత్తో చూపిస్తూ, నోటితో తన భాషలో అరిచేది. పుట్టిందగ్గర్నుంచీ అందరి చేతా పనులు చేయించిన మా అమ్మమ్మకి అక్కడ తగిన జోడీ దొరికింది.

ఇక్కడ కాస్త చదువు చెప్పాలి. నేను ఇంటర్ సగంలో వదిలేసినదాన్ని. ఇదంతా అమ్మమ్మ దగ్గర నేర్చుకున్నది గనుక, తప్పులుంటే ఆవిడవి.

దిగడాన్ని వాళ్ళు తురున్ అంటారు. దానికి కన్ అని ఒక తోక తగిలిస్తే తురున్‌కన్, అంటే దించు. ఎక్కడం నాయిక్, ఎక్కించడం నాయిక్‌కన్. నిద్రపోవడం తిదూర్, నిద్రపుచ్చడం తిదూర్‌కన్. ఇలాంటి తోక మనకీ ఉంది. నవ్వు అనే మాటకి తగిలిస్తే నవ్వించు, చేయికి తగిలిస్తే చేయించు. కానీ మన తోక నిలకడ లేనిది. పడు అన్నదానికి పడించు అనం, పడేయి అంటాం. లేచేవాణ్ణి లేపుతాం, కూర్చునేవాణ్ణి కూర్చోబెడతాం, తినేవాడికి తినిపిస్తాం. ఒక్కో మాటకి ఒక్కో తోక వెతుక్కోవాలి. వాళ్ళకి చాలా చోట్ల ఈ ఒక్క తోకే సరిపోతుంది. చేసే పనికే తగిలించాలని కూడా లేదు. కెరింగ్ అంటే పొడి. కెరింగ్‌కన్ అంటే పొడిగా అయ్యేలా చెయ్యి, ఆరబెట్టు. బెర్సీ అంటే శుభ్రం. బెర్సీకన్ అంటే తుడిచి శుభ్రం చెయ్యి. మాతీ అంటే చావు, మాతీకన్ అంటే చంపు. వాళ్ళు పొయ్యి కట్టేయమన్నా, లైటు తీసేయమన్నా కూడా అదే మాట. దాని అసలు అర్థం తెలిశాక కొన్నాళ్ళు పొయ్యి కట్టేయాలంటే భయమేసేదని అమ్మమ్మ అంటుంది. నేను నమ్మను. పొయ్యే ఆవిడకి భయపడి ఉంటుంది.

అమ్మమ్మ తనంతట తను ఒక సంగతి కనిపెట్టింది. ఈ కన్ అన్నది ఎదుటివాళ్ళ చేత పని చేయించే మంత్రమని. ఎందుకంటే సుమి నోటినుంచి ఆ తోక ఉన్న మాట వచ్చినప్పుడల్లా సుమి స్టూలు మీదనుంచి లేవలేదు. లేచి పని చేసింది అమ్మమ్మ. తోక తెలిసినవాళ్ళు కూర్చుంటారు, తెలియనివాళ్ళు పరిగెత్తుతారు. ఇంత ఉపయోగపడే చదువు తనకి ఏ బళ్ళోనూ ఎవరూ చెప్పలేదని ఆవిడ అనుకుంది.

కువైట్ నుంచి తిరిగొచ్చేటప్పుడు అందరూ దళసరి దుప్పట్లు తెచ్చుకుంటారు, సెంటు సీసాలు తెచ్చుకుంటారు. మా అమ్మమ్మ తోక తెచ్చుకుంది.

వచ్చీ రాగానే మామిడి కోతకి ఆడవాళ్ళ ముఠా ఒకటి కట్టి దానికి మేస్త్రి అయిపోయింది. బంగినపల్లి కాయ మహా సుకుమారం. నేల మీద పడకూడదు. చివర వలసంచి కట్టిన చిక్కం కర్రతో తొడిమ ఉంచి కోయాలి, చిక్కంలో పడ్డ కాయని మెల్లగా దించాలి. దించాక తొడిమ తుంచితే సొన చిమ్ముతుంది. అది కాయ మీద కారిందా, తోలు నల్లగా మాడిపోతుంది. అందుకని తొడిమ కత్తిరించిన మరుక్షణం కాయని తలకిందులు చేసి జల్లెడ బల్ల మీద నిలబెడతారు. సొనంతా కిందికి కారి, కాయ ఆరాక ట్రేలో సర్దుతారు. మనం సొనని తీయలేం, దాని చేతనే బయటికి వెళ్ళిపోయేలా చేయాలి. పని చేయించడం మీద ఇంత గురి ఉన్న మనిషికి ఇంతకంటే నప్పే పంట ఇంకొకటి లేదు.

అమ్మమ్మ చెట్టు నీడలో ప్లాస్టిక్ కుర్చీ వేయించుకుని, తమలపాకు నములుతూ అక్కడినుంచే అరిచేది. "తురుంకన్!" అంటే చిక్కాలు దిగేవి. "బాలిక్కన్!" అంటే కాయలు తలకిందులయ్యేవి. "కెరింకన్!" అంటే ఆరబెట్టేవాళ్ళు. "మసుక్కన్!" అంటే ట్రేల్లో సర్దేవాళ్ళు. సుమి మాటలు ఆగిరిపల్లి ఎండకి కాస్త నలిగాయి గానీ పని మాత్రం జరిగిపోయేది. కొన్నాళ్ళకి ముఠా ఆడవాళ్ళే ఒకరికొకరు అలా అరుచుకోవడం మొదలుపెట్టారు. మండలం దాటి ఎరగని తబితా కూడా కొమ్మల్లోకి చిక్కం పెట్టి "తురుంకన్, కాస్త చూసి తురుంకన్!" అనేది. తబితా ముఠాలో అందరికంటే పెద్దది, నోరు కూడా పెద్దదే. అది అరబ్బీ అని ఆవిడ నమ్మకం.

తర్వాత ఆ తోకకి కొత్త మాటలు పుట్టాయి. ఎండ ఎక్కువైతే "నీడకన్!" అనేవాళ్ళు. దాహమేస్తే "టీకన్!" క్యారేజీ రావడం ఆలస్యమైతే అందరూ కలిసి "గంగరాజుకన్!" అని అరిచేవాళ్ళు. పాపం తాత గట్టు మీద వంగిన నడుముతో పరిగెత్తుకుంటూ వచ్చేవాడు. భూమ్మీద ఏ భాషలోనైనా మొగుడి పేరుకి తోక తగిలించి పని మాటగా మార్చిన ఘనత మా అమ్మమ్మదే అయ్యుంటుంది.

ఒకసారి నూజివీడు నుంచి తోట గుత్తదారు మురళీకృష్ణ గారు వచ్చారు. మామిడి వ్యాపారంలో తలపండిన కుటుంబం వాళ్ళది. కాయ చూద్దామని ఆయన నిండు ట్రే ఒకటి ఎత్తి, పక్కకి వంచి పట్టుకున్నారు. కుర్చీలోంచి అమ్మమ్మ అలవాటు కొద్దీ "తురుంకన్!" అని అరిచింది. ఆయన గబుక్కున కింద పెట్టేశారు. ఏం జరిగిందో ఆయనకి తెలియలేదు. ఆడవాళ్ళు మాత్రం సాయంత్రందాకా కొంగులు నోట్లో కుక్కుకుని నవ్వారు.

ఇలా సాగుతుండగా ఈ ఏడాది మురళీకృష్ణ గారు బయటి దేశాలకి కాయ పంపే కంపెనీతో మాట్లాడుకుని రోడ్డు పక్కన పెద్ద ప్యాకింగ్ షెడ్డు వేశారు. తోటలన్నీ ఇక ఆ షెడ్డు కిందే. విడిగా ముఠాలుండవు, మేస్త్రి కూడా ఒక్కరే. పని నేర్పడానికి కంపెనీ తరఫున ఒకావిడ వస్తుందనీ, మేస్త్రిగా ఎవరుండాలో ఆవిడే చెబుతుందనీ తెలిసింది. ఆయన మనసులో ఉన్నది సుజాత. ఉంగుటూరు అమ్మాయి, డిగ్రీ చదివింది, ఇంగ్లీషు వచ్చు, చేతిలో ఎప్పుడూ పెద్ద ఫోను.

ఆ మేస్త్రి పని పోతే అమ్మమ్మకి రెండే దారులు. సుజాత కింద ట్రేలు మోయాలి, లేదా ఇంట్లో కూర్చోవాలి. ట్రే మోసే రకం కాదు. ఇంట్లో కూర్చుంటే ఆవిడ పనులు చేయించుకోవడానికి మిగిలేది తాతా, నేనూ. అందుకని ఆ పదవి ఆవిడకి ఎంత కావాలో మా ఇద్దరికీ అంతకంటే ఎక్కువ కావాలి. తాత ఆ వారమంతా దేవుడి పటం ముందు రెండేసి అగరొత్తులు వెలిగించాడు.

మురళీకృష్ణ గారు మెత్తగానే మొదలుపెట్టారు. "నాగేంద్రమ్మా, వచ్చేది ఫారిన్ ఆవిడ. ఇంగ్లీషు కూడా అంతంత మాత్రమేనంట. నువ్వు ఏం మాట్లాడతావు? సుజాత అయితే ఎలాగోలా మేనేజ్ చేస్తుంది."

"ఏ దేశమండీ ఆవిడది?"

"ఇండోనేషియా."

అమ్మమ్మ తమలపాకు నమలడం ఆపింది. "అయితే ఇబ్బందేముందండీ? నాకొచ్చు."

"నీకు ఇండోనేషియా వచ్చా?"

"మా ముఠా మొత్తానికి వచ్చండీ. కావాలంటే తబితాని పిలిచి చూడండి."

ఇంటికొచ్చాక తాత భయపడుతూనే అన్నాడు. "నీకొచ్చింది కసురుకోవడం గదే."

"మాట్లాడటమంటే అదేగా" అంది అమ్మమ్మ.

ఆవిడ రానే వచ్చింది. ఆ వింత చూడ్డానికి నేనూ తోటకెళ్ళి అమ్మమ్మ కుర్చీ వెనకాల నిలబడ్డాను. పేరు రిని. తలకి లేతరంగు స్కార్ఫు చుట్టుకుంది, ముప్పై ఏళ్ళుంటాయేమో. నవ్వు మొహం. ముందు తోట చూస్తానంటే మురళీకృష్ణ గారు కారులో తీసుకొచ్చారు. సుజాత పూలగుత్తి పట్టుకుని ఎదురెళ్ళి, ఇంగ్లీషులో నాలుగు మాటలు చక్కగా అప్పజెప్పి, వెనక్కి తిరిగి ముఠా మీద పడింది. "ఏయ్, ఏంటే అలా నిలబడ్డారు? పక్కకి జరగండే! నువ్వే, ఆ చిక్కం తియ్యవే దారిలోంచి!" ఆ చివరి మాట తబితాకి. తబితా మనవరాలికి సుజాత వయసుంటుంది.

తబితా చిక్కం తీసి కొమ్మల్లోకి పెట్టింది. పెడుతూ పక్క చెట్టు దగ్గరున్నావిడకి కేకేసింది. "తురుంకన్!" అటువైపునుంచి "బాలిక్కన్, బాలిక్కన్!" అని జవాబు వచ్చింది.

రిని అడుగు ఆగిపోయింది. చెట్లకేసి చూసింది, మురళీకృష్ణ గారికేసి చూసింది. తన ఊళ్ళో తన వీధి చివర వినాల్సిన మాటలు ఆగిరిపల్లి మామిడి కొమ్మల్లోంచి వినపడితే ఎవరికైనా అలాగే ఉంటుంది. ఎవరు నేర్పారని అడిగినట్టుంది, అందరి వేళ్ళూ ప్లాస్టిక్ కుర్చీ వైపు తిరిగాయి. రిని గబగబా వచ్చి, గుండె మీద చెయ్యి పెట్టుకుని, అమ్మమ్మతో ఆపకుండా తన భాషలో ఏదో చాలాసేపు మాట్లాడింది. కళ్ళు మెరిసిపోతున్నాయి.

అమ్మమ్మ కదలకుండా విన్నది. అంత పొడుగు ప్రసంగంలో ఒక్కటంటే ఒక్క తోక లేదు. తోక లేని ఇండోనేషియా ఆవిడ ఎప్పుడూ వినలేదు. అందులో ఒక్క ముక్క అర్థం కాలేదు.

"ఏమంటున్నారు?" అన్నారు మురళీకృష్ణ గారు.

"బాగున్నారా అని అడుగుతున్నారండీ."

"అంతసేపూనా?"

"వాళ్ళలో మర్యాదలెక్కువండీ."

రిని మాటల్లోనే ఒక కాయ చేతిలోకి తీసుకుంది. మాట్లాడుతూ మాట్లాడుతూ పరధ్యానంగా తొడిమ తుంచింది. సొన బొట్టు ఉబికింది. దేశాలు వేరైనా సొన సొనే గదా.

"బాలిక్కన్!" అని అరిచింది అమ్మమ్మ.

రిని ఉలిక్కిపడి కాయని తలకిందులు చేసింది.

"కెరింకన్!"

రిని పరుగున వెళ్ళి జల్లెడ బల్ల మీద పెట్టింది.

"బెర్సీకన్!"

రిని చేతులు తన డ్రెస్సుకే తుడిచేసుకుంది. బడిపిల్లలా చేతులు కట్టుకుని నిలబడి, తర్వాతి ఆజ్ఞ కోసం చూసింది. మురళీకృష్ణ గారి మొహం పాలిపోయింది. ఏడాది వ్యాపారం చేతులు కట్టుకుని మా అమ్మమ్మ ముందు నిలబడి ఉంది మరి. సుజాత పూలగుత్తి పట్టుకున్న చెయ్యి పట్టుకున్నట్టే ఉండిపోయింది.

ఒక్క క్షణం ఆగి రిని నవ్వడం మొదలుపెట్టింది. పొట్ట పట్టుకుని, బల్లకి ఆనుకుని, కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వింది. నవ్వు తగ్గాక సుజాతని దగ్గరికి పిలిచి ఇంగ్లీషులో చెప్పింది. సుజాత తెలుగు చేసింది.

"ఈ భాష మీకు ఎవరు నేర్పారని అడుగుతున్నారు."

"కువైట్‌లో వంటావిడ."

"ఆవిడ మీతో తోలోంగ్ అనేది కాదా అని."

"అదేంటి?"

"కాస్త సాయం చెయ్యండి, దయచేసి అన్నట్టంట. పని చెప్పేముందు ఆ మాట అంటారంట వాళ్ళు. ముందు తోలోంగ్, తర్వాత తురున్‌కన్."

అమ్మమ్మ ఆలోచించింది. "ఆ వంటింట్లో ఆ మాట ఎప్పుడూ ఎవరూ అనలేదు" అంది.

రిని మొహంలో నవ్వు పోయింది. అమ్మమ్మ అదేమీ గమనించలేదు. "అది లేకపోయినా రోజూ వంట అయ్యింది గదా" అని కూడా కలిపింది.

రిని ఏమనుకుందో, వంగి పక్కనున్న ట్రే ఎత్తింది. "సాయా తురున్‌కన్" అంటూ మెల్లగా కింద పెట్టింది. తన గుండె మీద తట్టుకుని మళ్ళీ అంది, "సాయా."

"సాయా అంటే నేను అని" అంది సుజాత. "నేను దించుతున్నాను అంటున్నారు."

"నేనా?" అమ్మమ్మకి అది అన్యాయంగా తోచింది. "కన్ అన్నాక నేనెందుకు దించుతాను?"

తబితా చిక్కం కింద పెట్టేసింది. "దించొచ్చంట మేస్త్రమ్మా! నువ్వు కూడా దించొచ్చంట!" అని అరిచింది. ముఠా మొత్తం గొల్లుమంది. ఇన్నేళ్ళ కూలి ఒక్కసారిగా చేతికి వచ్చినట్టు నవ్వారు. అమ్మమ్మ కుర్చీలో సర్దుకుని కూర్చుంది. ఆవిడ మొహం ఎర్రబడటం నేను చూసింది అదొక్కసారే. నాకు చాలా సంతోషమేసింది.

ఇదే అదునని మురళీకృష్ణ గారు గొంతు సవరించుకున్నారు. షెడ్డుకి సుజాతే సరిపోతుంది మేడమ్, అని ఇంగ్లీషులో అన్నారు. రిని తల అడ్డంగా ఊపింది. ఆవిడ చెప్పిన మాటని సుజాతే తెలుగు చేయాల్సి వచ్చింది. "మేస్త్రి ఎవరన్నది కంపెనీ చెప్పడం కాదంట. పని చేసేవాళ్ళని అడగమంటున్నారు."

అమ్మమ్మ తన ముఠా వైపు చూసింది. తను నీడలో కుర్చీ వేసుకుని ఎండలో నిలబెట్టిన ఆడవాళ్ళు. వాళ్ళ దగ్గర ఆవిడకి చెల్లే మాట ఒక్కటీ లేదు. వాళ్ళ చేత కాయ కోయించగలదు, దింపించగలదు, మోయించగలదు. తన పేరు చెప్పించడానికి మాత్రం ఏ తోక తగిలించాలో తెలియలేదు. అప్పుడే క్యారేజీ పట్టుకుని వచ్చిన తాత గట్టు మీదే నిలబడిపోయాడు.

తబితా ముందుకొచ్చింది. "చెప్పమంటారా అండీ? సుజాతమ్మ చదువుకుంది, మంచిపిల్లే. కానీ పొద్దున్నే వచ్చి ఏమే, రావే, తియ్యవే అంటది. మీరొస్తే సార్ రండి సార్ అంటది. ఇంతకుముందు చేసిన మేస్త్రులందరూ అంతేనండీ. మీతో ఒక నోరు, మాతో ఒక నోరు. ఈ మేస్త్రమ్మ అలా కాదు. మాకూ కన్నే, మీకూ కన్నే. ఆరోజు ట్రే మీ చేత కూడా కింద పెట్టించింది గదా?"

మురళీకృష్ణ గారు చెట్టు వైపు చూశారు.

"ఆ మాటలో 'వే' లేదండీ. దాంతో తిట్టినా తిట్టినట్టుండదు" అంది తబితా. "మాకు ఈవిడే కావాలి."

తాత ఊపిరి వదలడం నాకు కుర్చీ వెనకదాకా వినపడింది. కానీ తబితా మాట పూర్తి కాలేదు.

"కావాలి గానీ, ఒక షరతు. ఆ తోలోంగేదో ఉందంటగా. ఇన్నాళ్ళూ దాన్ని మా దగ్గర దాచేసింది. ఇకనుంచి అది కూడా కలిపి చెప్పాలి. ముందు అది, తర్వాత కన్. అలా అయితేనే."

"నేను దాచలేదు! నాకే తెలీదు!" అంది అమ్మమ్మ.

"ఇప్పుడు తెలిసింది గదా. అను."

పచ్చి కాకరకాయ నోట్లో పెట్టినట్టు అమ్మమ్మ పెదాలు ముడుచుకున్నాయి. కువైట్‌లో అన్నేళ్ళు సుమి అరుపులు పడ్డ మనిషి, తాత నడుం విరిగినప్పుడు కూడా ఎవర్నీ ఒక్క సాయం అడగని మనిషి. బతిమాలడమంటే ఆవిడకి దిగజారిపోవడం. ఎవరి చెవినా పడకుండా "తోలోంగ్" అని గొణిగింది.

"వినపడలా" అంది తబితా.

"తోలోంగ్!" అని అరిచింది అమ్మమ్మ. ఆ అరుపుకి చెట్టు మీది చిలకలన్నీ లేచిపోయాయి. ప్రపంచంలో ఎవరూ సాయాన్ని ఇంత కోపంగా అడిగి ఉండరు. "తోలోంగ్, తురుంకన్!"

తబితా కింద పెట్టిన కర్ర మళ్ళీ కొమ్మల్లోకి ఎత్తి, పట్టు చీర మడత విప్పినంత నెమ్మదిగా, ఒక్కో జానా ఒక్కో జానా చిక్కం దించింది. మధ్యలో రెండుసార్లు ఆపి అమ్మమ్మ మొహంలోకి చూసింది కూడా. అమ్మమ్మ పళ్ళు కొరుకుతూ ఆగింది. రిని చప్పట్లు కొట్టింది.

అలా షెడ్డు మేస్త్రి పని అమ్మమ్మకే నిలిచింది. సుజాతని మురళీకృష్ణ గారు ఆఫీసు పని చూడమన్నారు. వారం తిరక్కుండానే అమ్మమ్మ ఆ అమ్మాయి చేత ఇంగ్లీషు మాట్లాడించడం, ఫోన్లు చేయించడం, కుర్చీ జరిపించడం అలవాటు చేసేసింది. పోటీకి వచ్చిన మనిషి చేతనే మేస్త్రి పని సగం చేయిస్తోంది. సుజాత ఇప్పుడు తబితాని మామ్మా అంటుంది. అది ఎవరు అనిపించారో వేరే చెప్పక్కర్లేదు.

తోలోంగ్ కూడా షెడ్డులో బాగా కుదురుకుంది. మర్యాద మాట అని రిని చెప్పి వెళ్ళింది గానీ, అమ్మమ్మ నోట్లో అది ఇంకో కొరడా అయింది. "తోలోంగ్ అన్నానా లేదా? అన్నాక ఇంకా నిలబడతారేంటి?" అని కసురుతుంది. ముఠా వాళ్ళకి కూడా కిటుకు దొరికింది. ఆవిడ అనేదాకా చేతులు కట్టుకుని నిలబడతారు. అన్నాక నవ్వుకుంటూ కదులుతారు.

ఇంట్లోకి ఆ మాట రావడానికి మాత్రం కొన్నాళ్ళు పట్టింది. ఒక మధ్యాహ్నం షెడ్డునుంచి వచ్చి మంచం మీద వాలిన అమ్మమ్మ, గోడ వైపు తిరిగి, "తోలోంగ్, టీకన్" అంది. వంటింట్లో ఉన్న తాత చేతిలోంచి గ్లాసు జారి పగిలింది. ఈసారి పడేసింది ఎవరన్న విషయంలో తగువేమీ రాలేదు. తాత ఇంకో గ్లాసులో టీ తెచ్చి ఇచ్చి, ఆవిడ తాగేదాకా మంచం పక్కనే కూర్చున్నాడు. నిలబడలేదు.

ఇదంతా రాసి అమ్మమ్మకి చదివి వినిపించాను. తోక దగ్గర నవ్వింది, చిలకల దగ్గర మూతి తిప్పింది, తాత గ్లాసు దగ్గర దగ్గొచ్చినట్టు నటించింది. మంచి ఊపు మీద ఉంది గదాని అడిగేశాను.

"తబితాకి తోలోంగ్ అంటావు, సుజాతకి అంటావు, ఆఖరికి తాతకి కూడా అన్నావు. నాకు మాత్రం ఒక్కసారీ అనలేదేంటి అమ్మమ్మా?"

"అది పని చేసేవాళ్ళకి చెప్పే మాట. నీకెందుకు?" అంది.